మిగిలిన భూమి ఎవరి ఖాతాలో?

పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ వైపు ముంబై రహదారి మీద పోతుంటే సంగారెడ్డి జిల్లా కథంతా బస్సు కిటికీలోంచే కనిపిస్తుంది. మొదట ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధనా సంస్థ ప్రహరీ, తర్వాత పాశమైలారం పొగగొట్టాలు, ఆ వెంటనే ప్లాట్ల బోర్డులు. సంగారెడ్డి దాటితే చెరకు, పత్తి. ఝరాసంగం వైపు తిరిగితే ఎర్ర చెల్కల్లో జొన్న, కంది, అనుము కలిసి పెరిగే చేలు. మనిషికి తిండి పండాలి, పిట్టా పురుగూ చెట్టూ బతకాలి. ఒకే నేల మీద ఈ రెండూ ఎలా సాధ్యమన్న ప్రశ్నకు ప్రపంచమంతటా రెండు జవాబులు వినిపిస్తున్నాయి. మంచి భూమిలో దిగుబడి పెంచి, మిగిలిన నేలను ప్రకృతికి వదిలేయమని ఒక పక్షం అంటుంది. పొలంలోనే సకల జీవాలకూ చోటివ్వమని రెండో పక్షం అంటుంది. ఈ జిల్లాలో ఆ రెండు పక్షాలూ తరచుగా ఒకే ఇంట్లో ఉంటాయి. కింద మాట్లాడుకునే ఇద్దరూ అలాంటి ఇంటివాళ్లే. అక్క ఝరాసంగం మండలంలో వానాధార చెల్క సాగు చేస్తుంది. తమ్ముడు వ్యవసాయ శాఖలో పనిచేసి పటాన్‌చెరులో ఇల్లు కట్టుకున్నాడు. మనుషులు కల్పితం, వాళ్లు చెప్పుకునే సంగతులు నిజం.

తమ్ముడు: అక్కా, నీ చేను చూస్తే నాకూ కడుపు నిండుతుంది. కానీ దేశం కడుపు నింపడం వేరే లెక్క. ఎకరానికి నువ్వు తీసేది మూడు నాలుగు క్వింటాళ్ల జొన్నలు. అందరూ నీలాగే చేస్తే ఇప్పుడున్న సాగు భూమి చాలదు. ఇంకో ఎకరం కావాలంటే అడవి కొట్టాలి, కంచె దున్నాలి, చెరువు శిఖంలోకి దిగాలి. అదే ఒక్క ఎకరంలో రెండెకరాల పంట తీస్తే, రెండో ఎకరం పిట్టలకు మిగులుతుంది. జీవవైవిధ్యం కోసమే నేను దిగుబడి అడుగుతున్నాను.

అక్క: నువ్వు జొన్నలు ఒక్కటే తూకమేసినవ్ తమ్మీ. మృగశిర వానకు గొర్రు కట్టి, జడ్డిగంల జొన్నలు పోస్తం. నాలుగు సాళ్లు జొన్న, ఒక సాలు కంది. కంది సాలుల అలసంద, అనుము కలుపుతం. నడుమ పెసర. గట్టు పొంటి పుంటికూర. పెసర రెండు నెలలు దాటంగనే ఇంటికొస్తది. జొన్న కోసేదాక కంది ఒదిగి ఉంటది, జొన్న పోయినంక కాళ్లు చాపుకుంటది, సంక్రాంతి నాటికి కోతకొస్తది. అనుము తీగకు జొన్న దంటే పందిరి. ఆగస్టుల ఇరవై దినాలు వాన మొఖం చాటేస్తే జొన్న వాడుతది గాని కంది వేరు లోపటి తడి తాగి నిలబడ్తది. ఏ ఒక్క గింజా దండిగ రాకపోవచ్చు. ఏడాది పొడుగునా ఇంట్ల ఏదో ఒక గింజ ఉంటది. నీ ఆఫీసు కాయిదంల పంట పేరు రాసేతందుకు ఒక్కటే గడి ఉంటది, అందుకే మిగిలిన పంటలు నీకు కానరావు.

తమ్ముడు: గడి చిన్నదనే మాట ఒప్పుకుంటాను. నా ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది. ఇన్ని పంటల చేనులో కలుపు ఎవరు తీస్తారు? ఆడవాళ్లే. ఒక్కో పంట ఒక్కోసారి కొయ్యాలి, మిషన్ రాదు. నీ తర్వాత ఆ గొర్రు ఎవరు పడతారు? ఊళ్లోని పిల్లలు పొద్దున్నే కంపెనీ బస్సెక్కుతున్నారు. కష్టం ఎక్కువ, నోటు తక్కువ అయిన సాగు ఎంత అందమైనదైనా నిలబడదు.

అక్క: నువ్వన్నది నిజమే. నడుము పడిపోతున్నది, కూలి దొరకుతలేదు. అయితే కలుపంటే ఏందో గూడ చూడు. కలుపు తీసిన దినం ఒళ్లె గునుగు, తుమ్మికూర, చెన్నంగి వస్తయి. విత్తనం పెట్టలే, నీళ్లు కట్టలే, పైస పెట్టలే. వానకాలం నెలల్ల కూర కొనుడే ఉండదు. లేతగున్నప్పుడు తిన్న గునుగే పూసినంక బతుకమ్మల కెక్కుతది. గడ్డిమందు కొట్టిన పత్తి చేన్ల గునుగు మొలవది. పూలకు పోటీలు పడి ఊరూరు తిరుగుతున్నరు గద, ఎందుకు తిరగవలసొచ్చిందో అడిగిండ్రా ఎవరన్న?

తమ్ముడు: సరే, పూలూ కూరలూ నీ చేనులో బతుకుతాయి. మొసలి బతుకుతుందా? సంగారెడ్డి పక్కన కలబ్‌గూర్ దగ్గర మంజీర అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు. మంజీర బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లలో మగ్గర్ మొసళ్లు బతుకుతాయి, లంకల మీద గుడ్లు పెడతాయి. చలికాలంలో హిమాలయాలు దాటి బాతులు వస్తాయి. వాటికి మనిషి అడుగు పడని ఒడ్డు కావాలి. నువ్వు ఎంత ప్రేమగా సాగు చేసినా మొసలికి కంది చేను ఇల్లు కాదు. 2011లో బెన్ ఫేలన్, రైస్ గ్రీన్ బృందం ఘనాలోనూ ఉత్తర భారతంలోనూ పక్షులనూ చెట్లనూ లెక్కపెట్టి సైన్స్ పత్రికలో రాసింది ఇదే. పొలంలో కలిసి బతికే జాతులు కొన్నే. ఎక్కువ జాతులకు మనం ముట్టుకోని నేలే కావాలి. అందుకే దిగుబడి పెంచి భూమి మిగల్చమంటున్నాను.

అక్క: మొసలి కోసం ఒడ్డు ఇడువమంటే నేను కాదంటనా? నువ్వు ఎకరం మిగిలిస్తే అది పిట్టలకు పోతదంటివి గద. మరి పటాన్‌చెరుల మిగిలిన ఎకరం ఎవరికి పోయింది?

తమ్ముడు: ఫ్యాక్టరీలకు.

అక్క: ఫ్యాక్టరీలకు పోయింది. ఇంకింత మిగిలితే ప్లాట్లకు పోయింది. అక్కడ చెరువులున్నయి, కంచెలున్నయి, నక్కవాగున్నది. నక్కవాగు పోయి మంజీరలనే కలుస్తది. ఆ వాగు పొంటి వరి పండించినోళ్లు నీళ్ల రంగు మారుడు చూసిన్రు, పశువులు సచ్చుడు చూసిన్రు. నీ పుస్తకంల మిగిలిన భూమి ప్రకృతికి పోతది. మన జిల్లల మిగిలిన భూమి ధర పలికినోనికి పోతది.

తమ్ముడు: నువ్వు చెప్పినదానికంటే ఆ చరిత్ర ఇంకా చేదుగా ఉంది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో పారిశ్రామికవాడలు పెరిగాయి. 1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారి లాంటివాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 1990లలో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పెట్టారు. ఆ కేంద్రంలో శుద్ధి చేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు అచ్చువేసింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచం మాట్లాడితే పటాన్‌చెరు పేరు వస్తుంది. అయినా అక్కా, ఇది కాలుష్య చట్టం అమలు చేయకపోవడం వల్ల వచ్చిన కీడు. దిగుబడి పెంచడం వల్ల వచ్చింది కాదు.

అక్క: రెండూ ఒక్క తాననే కలుస్తయి. మిగిలిన భూమికి కావలి లేకుంటే మిగల్చుడు ఎందుకు? అమీన్‌పూర్ చెరువు సంగతి చూడు.

తమ్ముడు: దాని సంగతి నాకు తెలుసు. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. పట్టణం పక్కనున్న జలాశయానికి ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. ఆ మరుసటేడే చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. చుట్టూ ఇళ్లు ముసురుకున్నాయి.

అక్క: పేరు పెట్టినంత మాత్రాన కావలి ఉన్నట్టు కాదు.

తమ్ముడు: కాదు. కానీ పేరు కూడా లేకపోతే ఆ చెరువు ఇప్పటికి లేఅవుట్ అయ్యేది. అందుకే చట్టంతో కట్టేసిన నేల కావాలంటున్నాను. బ్రెజిల్‌లో అటవీ నియమావళి ఉంది. అమెజాన్ అడవి ప్రాంతంలో భూమి కొన్నవాడు అందులో 80 శాతం అడవిగానే ఉంచాలి, దేశంలో మిగతా చోట్ల చాలావరకు 20 శాతం. ఉల్లంఘనలు బోలెడు. అయినా ఎంత మిగల్చాలో చట్టం లెక్క చెప్పింది. కోస్టారికా 1997 నుంచి అడవి నిలిపిన రైతుకు డబ్బు కడుతోంది, పెట్రోలు మీద పన్ను వేసి మరీ కడుతోంది. ఉష్ణమండల దేశాలన్నిటిదీ మన బాధే: జీవాలు ఎక్కువ, ఆకలి ఎక్కువ, భూమి మీద కన్నేసినవాళ్లూ ఎక్కువ.

అక్క: మరి మన చట్టం ఏమంటది?

తమ్ముడు: 2013 భూసేకరణ చట్టంలో పదో సెక్షన్ ఉంది. నీటి వసతితో ఏడాదికి ఒకటికి మించి పంటలు పండే భూమిని సేకరించొద్దు, వేరే దారి లేనప్పుడే ముట్టుకోవాలని చెప్పింది.

అక్క: నా చెల్కల పది పన్నెండు పంటలున్నయి. నీళ్ల వసతి లేదు, వాన దేవుడే దిక్కు. నా భూమికి ఆ కావలి వర్తిస్తదా?

తమ్ముడు: ఆ కావలి వర్తించదు. మిగతా సాగు భూములకు జిల్లా మొత్తం మీద ఒక పరిమితి పెట్టాలని మాత్రం ఉంది.

అక్క: గదీ సంగతి! బోరు కింద రెండు కార్లు వరి వేసినోని భూమి విలువైన భూమి. వానకు పన్నెండు గింజలు పండించిన నా భూమి బీడు లెక్క. అందుకే జహీరాబాద్‌ల నిమ్జ్ అని పెద్ద పరిశ్రమల జోన్ 2016ల ఖరారు చేసినప్పుడు న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలల్ల 17 ఊళ్లల్ల 12,635 ఎకరాలు గీత గీసిన్రు. అండ్ల అసైన్డ్ పట్టాలున్నయి. సర్కారే ఇచ్చిన భూమి. రాళ్లేరి, పెంటెరువు మోసి, ఇరవై ముప్పై ఏండ్లు తిప్పలపడి చేన్లు చేసుకున్న దళిత ఆడోళ్ల భూమి. 2024ల మళ్ల డప్పూర్, మల్గి, వడ్డి శివార్లల్ల ఫార్మా కోసమని అడిగిన్రు. రైతులు రోడ్డెక్కిన్రు. వాళ్లు పటాన్‌చెరును కండ్లార చూసినోళ్లు తమ్మీ, ఊరికెనే ఎక్కలే.

తమ్ముడు: పరిశ్రమ వద్దని నేననను. ఆ బస్సెక్కే పిల్లలకు జీతం కావాలి. కానీ ఏ నేల మీద పరిశ్రమ పెట్టాలో తేల్చేముందు ఆ నేలలో ఏముందో లెక్క తీయాలి, అంతవరకు నీతో ఏకీభవిస్తాను. ఇక దిగుబడి మాటకు వద్దాం. అక్కడ మాత్రం తగ్గను. ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడి మీద ఒక ప్రయోగం నడుస్తోంది. పక్కపక్కనే రెండు చిన్న వాటర్‌షెడ్లు. ఒకదాంట్లో పాత పద్ధతి: వానకాలమంతా బీడు పెట్టి యాసంగిలో జొన్న. రెండోదాంట్లో కొత్త పద్ధతి: ఎత్తు మడులు, కాలువలు, మంచి విత్తనం, సమపాళ్లలో ఎరువు. పాతదాంట్లో సగటున హెక్టారుకు 1.1 టన్ను, కొత్తదాంట్లో 5.1 టన్నులు. ఎకరం లెక్కన నాలుగున్నర క్వింటాళ్లకూ ఇరవై క్వింటాళ్లకూ ఉన్న తేడా. వాన నీరు ఎక్కువగా ఇంకింది, మట్టి తక్కువగా కొట్టుకుపోయింది, నేలలో కర్బనం పెరిగింది. నాలుగు రెట్ల పంట, ఆరోగ్యమైన నేల. దీనికేమంటావు?

అక్క: ఆ మంచి దాంట్ల ఏం పంట వేసిన్రు?

తమ్ముడు: జొన్న, కంది.

అక్క: కలిపి?

తమ్ముడు: కలిపే. జొన్నలో కంది అంతరపంట. కొన్నేళ్లు మొక్కజొన్నలో కంది, మొక్కజొన్న తర్వాత శనగ. గట్ల మీద గ్లైరిసిడియా పెంచి, ఆ రొట్ట కోసి మళ్లీ నేలకే వేశారు.

అక్క: అంటే నాలుగు రెట్లు పండింది నా చేనే గద! పేరు నీది, పంట నాది. ఒంటి పంట వేసి, గడ్డిమందు కొట్టి తెచ్చిన దిగుబడి కాదది. జొన్న, కంది కలిపి, గట్టు మీద చెట్టు పెట్టి, నీళ్లు ఇంకేటట్టు మడి కట్టి తెచ్చిన దిగుబడి. మరి నా దగ్గరికొచ్చి కలిపి వేసుడు మానుమంటవేంది? మడి కట్టుడు నేర్పు, నేర్చుకుంట.

తమ్ముడు: ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. మేం మీకు చెప్పినప్పుడు విత్తనం, ఎరువు చెప్పాం, కలయికను వదిలేశాం. అందులోనే బలముందని ప్రయోగం చెబుతున్నా శాఖ సలహాలో ఒక్క పంట పేరే మిగిలింది. కానీ నువ్వూ ఒక మాట ఒప్పుకోవాలి. నాటు విత్తనం ఒక్కటే చాలదు. ఎండు తెగులు వస్తే కంది చేను నిలువునా మాడిపోతుంది. దాన్ని తట్టుకునే ‘మారుతి’ కందిని 1986లో విడుదల చేసింది ఈ శాస్త్రమే.

అక్క: ఆ మారుతి ఎక్కడి నుంచొచ్చింది?

తమ్ముడు: మహారాష్ట్ర రైతుల నాటు కందిలోంచే ఏరారు.

అక్క: అట్లనే ఉంటది. రైతు గుమ్మిల లేనిది మీకెక్కడ దొరుకుతది? గింజ ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, గుమ్మి మూతికి పేడమట్టి అలికి పెడ్తం. అడిగినోళ్లకు ఇస్తం, వాళ్లు తీసుకున్నదానికి ఇంకింత కలిపి తిరిగి పోస్తరు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు పస్తాపూర్ చుట్టుముట్టు ఊళ్లల్ల ఏండ్ల సంది ఈ పని చేస్తున్నయి. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర బండ్లు విత్తనాలెత్తుకొని ఊరూరు తిరుగుతయి. మీ చలి గదుల పండుకున్న గింజకు ఈ ఏడాది వాన ఎట్ల పడ్డదో తెలుస్తదా?

తమ్ముడు: తెలియదు. మైనస్ ఇరవై డిగ్రీల గదిలో విత్తనం ప్రాణంతో ఉంటుంది కానీ మారదు. నీ గుమ్మిలో విత్తనం ఏటేటా వానతో, తెగులుతో పోరాడి మారుతుంది. కానీ గుమ్మి ఒక్క కరువుకు ఖాళీ అవుతుంది. రెండేళ్లు వరసగా పంట పోతే విత్తనం తినేయాల్సి వస్తుంది, మన తాతల కాలంలో అదే జరిగింది. ఇక్రిశాట్ జన్యునిధిలో లక్షకు పైగా విత్తన నమూనాలున్నాయి. విత్తనం పోగొట్టుకున్న ఆఫ్రికా దేశాలకు వాళ్ల జొన్నలనే ఇక్కడి నుంచి తిరిగి పంపించారు. గుమ్మీ కావాలి, చలి గదీ కావాలి.

అక్క: రెండూ కావాలె. నేను కాదన్నదెప్పుడు? గుమ్మికి ఎవరూ పైస ఇయ్యరు, అదే నా గోడు. రైతు భరోసా ఎకరానికి కారుకు 6,000 ఇస్తున్నరు. పత్తికీ అంతే, పన్నెండు పంటలకూ అంతే. సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ ఇచ్చి, కొని, రేషన్ల సన్నబియ్యం పోస్తున్నరు. మంచిదే, బీదోని పిల్లలు మంచన్నం తింటున్నరు. కానీ కొర్రలు, తైదలు కొనేటోడేడి? 1990లల్ల మా దిక్కు సంఘాలు బీడు భూములు దున్ని జొన్నలు పండించి, ఊళ్లెనే నిల్వ చేసి, బీదోళ్లకు తక్కువ ధరకు పంచినయి. సర్కారు పైసలే కొంత సాయమైనయి. అది జరిగిన ముచ్చటే, కల కాదు.

తమ్ముడు: ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టి, గిరిజన జిల్లాల్లో రాగులు కొని రేషన్‌లో ఇచ్చింది. అక్కడ రైతు మళ్లీ రాగి వైపు తిరిగాడు. మన దగ్గర 2020లో నియంత్రిత సాగు అన్నారు, చెప్పిన పంట వెయ్యకపోతే రైతుబంధు రాదన్నారు. ఏడాది తిరక్కముందే వెనక్కి తీసుకున్నారు. హైదరాబాదు నుంచి ఏ ఊళ్లో ఏ పంట వెయ్యాలో చెప్పడం అయ్యే పని కాదని అప్పుడే తేలింది. పంట ఆజ్ఞాపిస్తే రాదు, కొంటే వస్తుంది. నన్నడిగితే, ఒకే చేనులో నాలుగు పంటలకు మించి వేసినవాడికి రైతు భరోసాలో కొంత అదనంగా ఇవ్వాలి. ఈ జిల్లా హాస్టళ్లకూ అంగన్‌వాడీలకూ ఈ జిల్లా జొన్న, కంది కొనాలి. కలుపు తీసే చిన్న యంత్రాలు సంఘాలకు అద్దెకివ్వాలి, ఆడవాళ్ల నడుములు నిలుస్తాయి.

అక్క: ఇప్పుడు మా తమ్ముని లెక్క మాట్లాడినవ్. నా మాటా విను. చెరువు శిఖం, వాగు ఒడ్డు, గుట్ట, పశువుల కంచె, మంజీర లంకలు, ఇవి ఎవరూ దున్నొద్దు, ఎవరూ అమ్మొద్దు. నేను గూడ దున్న. నాకు పంట తక్కువ పడ్డదని కంచెల నాగలి పెడితే నన్నూ ఆపాలె. నువ్వు చెప్పిన మిగిలిన భూమి అంటే అదే. కానీ నన్ను ఆపే చట్టం కంపెనీని గూడ ఆపాలె.

తమ్ముడు: దానికి చేతిలో ఒక పనిముట్టు ఉంది, మనం వాడుకోవడం లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్లోని పంటలు, చెట్లు, పశువులు, పక్షులు, వాటి గురించి జనానికి తెలిసిన విద్య, అన్నీ రాసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి నెలాఖరు గడువు పెట్టేసరికి దేశమంతటా రిజిస్టర్లు హడావిడిగా నింపారు. ఆ రిజిస్టర్‌లో నీ పన్నెండు పంటలు, గునుగు, తుమ్మికూర ఉంటే, భూసేకరణ అధికారి నీ చెల్కను బీడు అని రాయడం అంత తేలిక కాదు. రిజిస్టర్ చూడకుండా భూమి తీసుకోకూడదని రాష్ట్రం నిబంధన పెడితే ఇంకా మంచిది.

అక్క: మా ఊరి రిజిస్టర్ రాసేటప్పుడు నన్నెవరూ అడగలే.

తమ్ముడు: అడిగి రాయాల్సింది నిన్నే.

ఇద్దరి వాదనా ఇక్కడికి చేరింది. దిగుబడి పెంచడం తప్పు కాదు. పటాన్‌చెరు నేల మీదే, కలిపి వేసిన పంటతోనే అది నాలుగు రెట్లు పెరిగింది. పొలంలో జీవాలకు చోటివ్వడం వెనకబాటు కాదు, కరువుకు అదే బీమా. అయితే ఆ పొలం పన్నెండు గింజలూ కొనే చేయి లేకపోతే నిలవదు. దున్నకుండా మిగిల్చిన భూమి కూడా చట్టం కాపలా లేకపోతే ప్లాటవుతుంది, పారిశ్రామికవాడ అవుతుంది, నక్కవాగు అవుతుంది. భూవిధానం అంటే ఈ రెండు బాధ్యతలూ ప్రభుత్వం నెత్తినెత్తుకోవడమే.

చదువుతున్నవారు సంగారెడ్డి జిల్లావారైనా, మరే జిల్లావారైనా, వచ్చే గ్రామసభలో ఒక్క ప్రశ్న అడగండి: మన పంచాయతీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఏది? తెచ్చి చదివించండి. మీ చేను, మీ చెరువు, మీ కంచె అందులో లేకపోతే రాయించండి. ఊరి పెద్ద వయసు ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయించండి.